ఇరవై గ్రాముల పనసాకు

విజయనగరం
జూన్ 30

నీలా,

చేరాను. ఘాటు మలుపుల్లో మీ అత్త ఇచ్చిన చింతపండు బుగ్గన పెట్టుకుని శృంగవరపుకోట దాకా నెట్టుకొచ్చాను. ఆశ్రమ పాఠశాలలో ఒకే దుప్పటి కప్పుకున్నవాళ్ళం. ఇన్నేళ్ళకి నేను మట్టి పరీక్షల ల్యాబు తరఫున, నువ్వు కాఫీ రైతుగా ఎదురుపడతామని ఎవరనుకున్నారు!

చెయ్యాల్సిన పని మళ్ళీ రాస్తున్నాను. తల ఊపుతూ వేరే ఏదో ఆలోచించడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీ పనస చెట్ల కింద పద్దెనిమిది నైలాను వలసంచులు పెట్టాం, వాటిలో పనసాకు. మీ బావ మల్లేశు వాలులో సిల్వర్ ఓక్ చెట్ల కింద ఇంకో పద్దెనిమిది, వాటిలో ఓక్ ఆకు. ఒక్కో సంచిలో సరిగ్గా ఇరవై గ్రాముల ఎండుటాకు. ప్రతి నెలాఖరుకీ అటు మూడు, ఇటు మూడు తీసి, పైన మట్టి దులిపి, కాగితంలో చుట్టి విజయనగరం బస్సులో పార్సిలు వెయ్యి. మిగతావి కదపకు, విప్పకు. ఆరు నెలల్లో ఏ ఆకు ఎంత కుళ్ళి మట్టిలో కలిసిందో తెలిసిపోతుంది.

ఇది నాకు ఉద్యోగం, నీకు చెట్లు. మీ ఆయన పోయినప్పటి నుంచీ ఆ ఐదు పనసల్నీ కొట్టించాలని మీ బావ ఎంత తిరుగుతున్నాడో నువ్వే చెప్పావు. పనసాకు కాఫీ మొక్కకి మంచి తిండి పెడుతోందని తేలితే, నీడకి పాత చెట్లే ఉంచమని మా ప్రాజెక్టు పెద్ద ధర్మతేజ సారు సంతకం పెట్టి రాసిస్తానన్నారు. ఆ కాగితం నీ చేతిలో ఉంటే ఎవరూ గొడ్డలి ఎత్తరు.

మీ బావ చూపు మాత్రం నాకు నచ్చలేదు. నేను సంచులు పెడుతున్నంతసేపూ గట్టు మీద నిలబడి లెక్కపెట్టాడు. మీ అత్త సోములమ్మగారైతే తూకం మిషను ముందు నుంచి లేవలేదు. నేను ఇరవై అన్నప్పుడల్లా "రాసుకున్నావా గుంటా?" అని అడిగింది. ఆవిడ కూడా నన్ను నమ్మలేదేమో. చివర్లో వాన పట్టుకుంది, హడావుడిలో కుట్లు ఎలా పడ్డాయో కూడా చూసుకోలేదు.

మీ గూడెంలో సిగ్నలు లేదు, ల్యాబులోకి నన్ను ఫోను తేనివ్వరు. కాబట్టి పార్సిలులోనే ఉత్తరం కూడా పెట్టు.

నీ
బేబి


గెడ్డగుడ, అరకు
జూలై 30

బేబీ,

ఇవిగో ఆరు సంచులు. పిల్లల్ని బడికి పంపినంత జాగ్రత్తగా పంపుతున్నాను.

నీ పుణ్యమా అని గూడెంలో నాకు పేరొచ్చింది. చెట్ల మొదట్లో చిల్లంగి పెట్టించానని ఒకరు, గంజాయి దాచానని ఒకరు. ఊటగెడ్డ దగ్గరికి బిందెతో వెళితే అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేస్తున్నారు. బావ సూటిగానే అడిగాడు. "సంచులకి నంబర్లెందుకేసినారు? సర్వే సేత్తన్నారా? రేపు సర్కారు బోర్డు పాతుతారా?" అన్నాడు. ఆకు కుళ్ళడం చూస్తున్నారని చెప్పాను. "ఆకు కుళ్ళుతాదని సూడ్డానికి సదువుకున్నోలు కావాలేటి?" అన్నాడు.

వరహాలరావు అని మైదానం షావుకారు, అరకు సంతలో కాఫీ, మిరియాలు కొంటాడు. అతను రెండుసార్లు వచ్చి పనస మొదళ్ళని చేతులతో చుట్టి చూసుకున్నాడు. పనసలు తీసేసి ఓక్ నారు నాటితే మిరియం తీగ బాగా పాకుతుందట. నారు తనే ఇస్తాడట, పర్మిట్లు తనే చూసుకుంటాడట, దుంగలు మాత్రం తనకే ఇవ్వాలట. పట్టా అత్త పేరున ఉంది కాబట్టి ఆవిడతో తీయగా మాట్లాడతాడు. ఆవిడ ఊ అనదు, ఊహూ అనదు. పెద్దకొడుకు మాట తీసెయ్యలేదని నా భయం. ఆ చెట్ల నీడ పోతే కింద నా కాఫీ రెండు ఎండలకి మాడిపోతుంది. దాని మీదే కదా నేనూ, ఆవిడా బతుకుతున్నది.

సంచులు తీస్తుంటే అత్త ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపింది. "తేలికైపోనాదే" అంది. ముఖం మాడిపోయింది. నీ మిషను ఏమంటుందో రాయి.

నీలవేణి


విజయనగరం
ఆగస్టు 16

నీలా,

గంజాయి మాట చదివి పైకే నవ్వేశాను, సారు తల ఎత్తి చూశారు.

పనస సంచులు పదిహేను గ్రాములకి దిగాయి. ఓక్ సంచులు పద్దెనిమిదిన్నర దగ్గరే ఉన్నాయి. తేలికైపోవడమే మనకి కావాలి, మీ అత్తకి ఈ మాట తప్పకుండా చెప్పు. తగ్గిన ఐదు గ్రాములూ ఎవరూ ఎత్తుకుపోలేదు, నీ కాఫీ వేళ్ళ దగ్గర మట్టిలోకి దిగాయి. ముందు పోయేది పొటాషియం. రెండు గట్టి వానలు పడితే చాలు, ఆకులోంచి కడుక్కుని దిగిపోతుంది. నత్రజని అంత తొందరగా రాదు, చెదలూ వానపాములూ బూజూ కలిసి నమిలితేగానీ వదలదు. ఓక్ ఆకు గట్టి ఆకు, పురుగులకి కూడా నచ్చదు. అది నేల మీద దుప్పటిలా పడి ఉంటుంది గానీ తొందరగా తిండి పెట్టదు. ఇలాగే సాగితే సారు ఉత్తరం నీకు వచ్చినట్టే.

ఒక సంగతి అడగాలి. మొన్న మా ల్యాబుకి ఒకాయన వచ్చాడు. మూడు ఉంగరాలు, లేత నీలం చొక్కా, పేరు వరహాలరావు. సారుతో అరగంట కూర్చున్నాడు. మీ గూడెంలో పరీక్ష జరుగుతున్నట్టు అతనికి ముందే తెలుసు. ఎవరు చెప్పారు? నువ్వు కాదు కదా?

బేబి


గెడ్డగుడ
సెప్టెంబరు 30

బేబీ,

ఆగస్టు సంచులతో ఉత్తరం పెట్టలేదు. పొలం పని అని రాద్దామనుకున్నాను గానీ అబద్ధం. నువ్వు కాదు కదా అని అడిగావు చూడు, అది నచ్చలేదు. ముప్ఫై ఆరు తెల్లసంచులు కొండవాలులో కనిపిస్తుంటే ఒకరు చెప్పాలా? వాడికి కళ్ళున్నాయి. నా చెట్లు కొట్టడానికి వచ్చేవాడికి నేనెందుకు చెబుతాను?

సరేలే. ఇవి మూడో నెల సంచులు.

మా ఇంట్లో వలిసెల గొడవ అయింది. పక్కింటి చిట్టి నూనెకి వేసుకునే తన వలిసె విత్తనం మా అటక మీద దాచమని ఇచ్చింది. ఎలకలు కుండ మూత తోసేసి తిన్నంత తిన్నాయి. అత్త మా విత్తనం తీసి కలిపి, కుంచం నిండుగా కొలిచి చిట్టికిచ్చేసింది. ఎలక తిన్నదానికి మనమెందుకివ్వాలి అన్నాను. మా గూడెంలో అంతే, దాచమని ఇచ్చింది ఎలక తిన్నా పురుగు తిన్నా దాచినవాళ్ళే నింపి ఇవ్వాలి. మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఇంత పట్టింపు లేదు. నేనలా అన్నందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా చేనులో ఒక మూల ఇంకా పచ్చబడలేదు, విత్తనం చాలక.

కాఫీ కోత అవగానే పనసలు కొట్టిస్తానని బావ అందరి ముందూ అన్నాడు. నీ కాగితం ఎప్పుడొస్తుంది?

నీలవేణి


విజయనగరం
అక్టోబరు 18

నీలవేణికి,

పనస సంచుల తూకాలు రాస్తున్నాను. మొదటి నెల పదిహేను. రెండో నెల పన్నెండు. మూడో నెల ఒకటి పందొమ్మిది పాయింటు ఎనిమిది, ఒకటి ఇరవై, ఒకటి ఇరవై పాయింటు మూడు.

మట్టి అంటిందేమోనని కొంచెం కాల్చి బూడిద కూడా తూచాను. బూడిద ఎక్కువ రాలేదు, అంటే మట్టి కాదు. ఓక్ సంచులు మాత్రం నెలనెలా కొంచెం కొంచెం దిగుతూనే ఉన్నాయి.

ఈ సంచుల దగ్గరికి ఎవరెవరు వెళుతున్నారు? నువ్వు తీసేటప్పుడు పక్కన ఎవరుంటారు? పార్సిలు నువ్వే కడుతున్నావా, ఇంకెవరికైనా ఇస్తున్నావా? అడుగుతున్నానని ఏమీ అనుకోకు, రిజిస్టర్లో రాయాలి.

ఇంకా సారుకి చెప్పలేదు.

బేబి


గెడ్డగుడ
అక్టోబరు 31

బేబీ,

నీలా కాస్తా నీలవేణికి అయిపోయింది. ఎల్లుండి శ్రీమతి నీలవేణిగారికి అవుతుంది కాబోలు.

నేనే తీస్తాను, నేనే కడతాను, నేనే బస్సెక్కిస్తాను. ఈ నెలవి కూడా అలాగే పంపుతున్నాను. నా చేతుల్లోంచి నీ చేతుల్లోకే వస్తున్నాయి, మధ్యలో ఉన్నది కండక్టరు ఒక్కడే. ఆయన మీద కూడా రాస్తావా రిజిస్టర్లో?

నీ ఉత్తరం చదివాక నేనూ కాపు కాశాను. రెండు రోజులు కాఫీ పొదల వెనక కూర్చున్నాను. జలగలు తప్ప ఎవరూ రాలేదు. నా అనుమానం బావ మీద. ఒకసారి పనసల కింద నిలబడి కాలితో ఆకులు తన్నుతున్నాడు. నన్ను చూసి "మేక తప్పిపోనాది" అన్నాడు. మాకు మేకలు లేవు. మేక పేరు చెప్పి కల్లు కోసం వెళుతున్నాడో, సంచుల కోసమో తెలియదు. అత్తని అడుగుదామంటే ఆవిడ లోకంలో ఆవిడ ఉంది. చూరుకి ఏవో పుల్లల దండలు కట్టుకుంటోంది, మోకాళ్ళనొప్పులకి మందనుకుంటాను.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నిన్న సంతలో వరహాలరావు నన్ను పిలిచి మరీ చెప్పాడు. "మీ పనసాకు కుళ్ళదంట కదమ్మా, ల్యాబులో తేలిపోయిందంట. ఓక్ ఆకే నయమంట" అన్నాడు. పక్కన బావ ఉన్నాడు. సారుకి ఇంకా చెప్పలేదని రాశావు. మరి షావుకారుకి ఎవరు చెప్పారు? నువ్వు కాదు కదా?

నీలవేణి


విజయనగరం
నవంబరు 24

నీలవేణికి,

నేను చెప్పలేదు. తూకాల పుస్తకం బల్ల మీదే ఉంటుంది, సారు తనే చూసుకున్నారు. నర్సరీ వాళ్ళ మీటింగులో, ఇంకా పూర్తి కాలేదంటూనే, ఆ అంకెలు చదివేశారట. వరహాలరావు నారు సరఫరా చేసేవాడు, అక్కడే ఉన్నాడు. ఇది నువ్వు నమ్మితే నమ్ము.

నీకు ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచినవి రెండున్నాయి. ఇప్పుడు చెప్పక తప్పదు.

ఒకటి పొటాషియం. ముందు కడుక్కుపోయేది అదేనని రాశాను కదా. మొదటి నెల సంచుల్లోనే మూడోవంతుకి పడిపోయింది. నాలుగో నెల సంచిలో చూస్తే మళ్ళీ సగానికి పైగా ఉంది. వానలో నాలుగు నెలలు నానిన ఆకులో అంత ఉండదు. అంటే అందులో సగం ఆకు వానలో నానలేదు. ఎవరో సంచి విప్పి కొత్త ఎండుటాకు కూరారు.

రెండోది కుట్టు. నేను నీలం దారంతో కుట్టాను. మూడో నెల నుంచి వచ్చిన పనస సంచుల మూతికి దారం లేదు. అడ్డాకు విస్తరి కుట్టినట్టు సన్నటి వెదురు పుల్ల గుచ్చి ఉంది. ఆ కుట్టు నాకు తెలుసు. హాస్టల్లో వంటమనిషికి విస్తళ్ళు కుట్టిపెట్టేటప్పుడు నాకు నేర్పింది నువ్వే.

నీలా, బరువు ఉంటే మంచిదనుకున్నావా? చెట్లు దక్కాలని చేశావని నాకు అర్థమవుతూనే ఉంది. కానీ బరువు తగ్గకపోతే ఆకు కుళ్ళలేదనే అర్థం. నీ చెట్లకి నువ్వే చెడు చేసుకున్నావు. మార్చిలో నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి, ఈ లెక్క నా పేరున ఉంది. సారుకి చెప్పేశాను. మీ గూడెం పరీక్ష ఆపేస్తున్నామని ఆయన రాశారు. ఉత్తరం ఇవ్వరు.

బేబి


గెడ్డగుడ
డిసెంబరు 1

బేబి గారికి,

ఐదో నెల సంచులు పంపుతున్నాను. ఆపేశారని తెలిసినా పంపుతున్నాను. ఒప్పుకున్న పని నేను మధ్యలో వదలను.

ఆ పుల్లకుట్టు నేనూ చూశాను. నువ్వే కుట్టావనుకున్నాను. వానలో దారం అయిపోయి ఉంటుంది, నేను నేర్పింది గుర్తుంచుకుంది అనుకుని లోపల మురిసిపోయాను కూడా. ఆ పుల్ల చూసి నువ్వు నన్ను దొంగని చేశావు.

నాకేం రాదనుకున్నావు. తగ్గాలని ఆగస్టులోనే నువ్వు రాసింది చదివాను, నాకు తెలుగు వచ్చు. మోసం చెయ్యాలనుకుంటే సంచిలోంచి ఆకు తీసేదాన్ని, పెట్టేదాన్ని కాదు. ఇది నీకు తట్టలేదా, తట్టినా పట్టించుకోలేదా?

మీ సారు ఏం రాసుకున్నా వరహాలరావుకి పండగే. కోత అయ్యేదాకా కూడా ఆగేట్టు లేడు.

ఇక ఉత్తరం రాయక్కర్లేదు.

నీలవేణి


గెడ్డగుడ
డిసెంబరు 14

బేబీ,

రాయనన్నదాన్ని రాస్తున్నాను. ఈ మాట నీకు చెప్పకుండా ఉండలేను.

సోమవారం రంపం మనుషులు వచ్చారు. దారి పక్కనున్న పెద్ద పనసని పడగొట్టారు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. కింద ఇరవై కాఫీ మొక్కలు పండుతో సహా నలిగిపోయాయి. నేను అరిచాను, ఏడ్చాను, బావ నా వైపు చూడలేదు. అత్త గడపలోంచి లేవనైనా లేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు ఎంత కోపం వచ్చిందో నీకు చెప్పలేను.

తెల్లారి మంచు ఇంకా విడవకుండానే మిగిలిన నాలుగు చెట్ల దగ్గరికి వెళ్ళాను. చెట్టు కింద ఎవరో కూర్చుని ఉన్నారు. బావే అనుకుని కట్టె పట్టుకుని వెళ్ళాను. అత్త. ముందర సంతలో పసుపు తూచే చిన్న తక్కెడ. ఒక పళ్ళెంలో నీ వలసంచి, రెండో పళ్ళెంలో చింతగింజలు. నువ్వు తూచిన రోజే ఒక నిండు సంచికి సరిపడా గింజలు లెక్కపెట్టి దాచుకుందట. సంచి తేలిపోతే కింద రాలిన ఎండు పనసాకు ఏరి, కాడ తుంచి, లోపల పెడుతోంది. గింజలకి సమానం కాగానే వెదురు పుల్లతో కుట్టేసింది.

"ఏటి సేత్తన్నావత్తా?" అని అరిచాను.

"గట్టిగా అరవకు," అంది. "ఆ గుంట ఇరవై అని రాసుకున్నాది. మన సెట్ల కింద దాసిపెట్టమని ఒగ్గింది. సెదలు తినేత్తంటే సూస్తా ఊరుకుంటానేటి? తక్కువిస్తే ఏటనుకుంటాది?"

వలిసెల సంగతి నీకు రాసింది నేనే. రాసి కూడా నాకు తట్టలేదు. ఓక్ చెట్లు బావ వాలులో ఉన్నాయి, వాటి పూచీ బావదట, అందుకే వాటిని ముట్టలేదు.

ఇంకొకటి దాచాను, చెప్పేస్తున్నాను. తేలికైపోవడమే కావాలని అత్తకి తప్పకుండా చెప్పమన్నావు. నేను చెప్పలేదు. ఉత్తరం చివర్లో నువ్వు నన్ను అనుమానించావని ఒళ్ళు మండి కాగితం మడిచి పడేశాను. అప్పుడే చెప్పి ఉంటే ఆవిడ ఒక్క ఆకు కూడా పెట్టేది కాదు.

ఆ చెట్టు కిందే కూర్చుని అంతా చెప్పాను. భూమి ఎంత తిందో చూడ్డానికే సంచులు పెట్టారని, తను నింపడం వల్ల మన పనసాకు కుళ్ళదని రాసుకున్నారని, ముందురోజు పడిన చెట్టు దానివల్లే పడిందని. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ నేల మీద చెయ్యి ఆనించి లేచి, ఇంటికెళ్ళి చూరు కిందున్న ఆ పుల్లల దండలన్నీ తెంపుకొచ్చింది. అవి మోకాళ్ళ మందు కాదు బేబీ. తను పెట్టిన ప్రతి ఆకు కాడా అందులో ఉంది. సంచికొక దండ, పన్నెండు దండలు, సంచులు నేల మీద ఉన్న వరసలోనే. ఎందుకు దాచావని అడిగాను. "నాను భూమికి బదులు పెట్టినాను. ఎంత పెట్టినానో నాకు తెలవాలి కదా," అంది.

అప్పుడే వరహాలరావు, బావ, రంపం మనుషులు రెండో చెట్టు కోసం వచ్చారు. అత్త నన్ను బావ వాలులోకి పంపి ఒక ఓక్ సంచి తెప్పించింది. అందరి ముందూ విప్పి నేల మీద దులిపింది. ఐదున్నర నెలలైనా ఆకు ఆకులాగే ఉంది, కొంచెం నల్లబడిందంతే. తర్వాత పనస సంచి ఒకటి విప్పి, తను పెట్టిన కాడలేని ఆకులన్నీ ఏరి పక్కన పెట్టింది. మిగిలింది గుప్పెడు పొడి, నాలుగు ఈనెలు.

"ఇది భూమి ముట్టలేదు," అంది ఓక్ ఆకు చూపించి. "ఇది తిన్నాది. తిన్నాదానికి నెక్క ఇదిగో," అని దండలు బావ చేతిలో పెట్టింది. "భూమి దేన్ని తింటాదో ఆ సెట్టే నా కాడుంటాది. పట్టా నాది. రంపం బేగి దించు మల్లేశూ."

వరహాలరావు ఏదో ల్యాబు అన్నాడు. "నీ ల్యాబు నానే నింపినాను, పో," అంది.

బావ ఆ దండల్ని చేతిలో తిప్పి చూశాడు. తర్వాత రంపం మనుషుల్ని పొమ్మన్నాడు. నాలుగు చెట్లు మిగిలాయి.

పన్నెండు దండలూ ఈ పార్సిలులో పెడుతున్నాను. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

నీలవేణి


విజయనగరం
జనవరి 4

నీలా,

నీ పార్సిలు విప్పి ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

నెలకి మూడు సంచుల్లో ఒకదాన్నే పొడి చేస్తాను, రెండు కవర్లో దాచి ఉంచుతాను. దాచినవన్నీ తీసి కాడ తుంచిన ఆకులు ఒకపక్క, పాతవి ఒకపక్క వేరు చేశాను. సంచి సంచికీ దండతో పోల్చి చూశాను. ఏడంటే ఏడే, పదకొండంటే పదకొండే. ఒక్క ఆకు తేడా రాలేదు. మా ల్యాబులో ఇంత సరిగ్గా లెక్క రాసేవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా.

పాత ఆకు మాత్రమే తూస్తే మూడో నెల పది గ్రాములు, నాలుగో నెల ఎనిమిదికి కొంచెం ఎక్కువ, ఐదో నెల ఏడుకి లోపు. ఓక్ ఆకు ఐదో నెలలో కూడా పదిహేను. నీ పనసలు సగానికి పైగా నేలకి తినిపించాయి.

ఇవన్నీ సారు ముందు పెట్టాను. ఆయన ముందు విసుక్కున్నారు, తర్వాత దండలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. పనస సంచులు చాలావరకు ముట్టుకున్నవి కాబట్టి దీన్ని అచ్చులో పెట్టలేమని, మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలని అన్నారు. కానీ మీటింగులో చదివిన అంకెలు తప్పని నర్సరీ వాళ్ళకి రాసి పంపారు. దాని నకలు ఇందులో పెడుతున్నాను, మీ బావకి చూపించు. నా కాంట్రాక్టు సంగతి మార్చిలో చూద్దామన్నారు. చూడనీ.

రిజిస్టర్లో నేను ఒక వాక్యం రాశాను. "క్షేత్రంలో ఉన్న మనిషి మోసం చేసినట్టు అనుమానం" అని. నిన్న దాన్ని కొట్టేసి కింద సంతకం పెట్టాను. కొట్టేసినా చదవడానికి కనిపిస్తూనే ఉంది. అది చూసే సారు ఉత్తరం ఆపేశారు. నీ చెట్టు ఆ వాక్యం వల్ల పడింది, మీ అత్త పెట్టిన ఆకుల వల్ల కాదు. ఇది ఆవిడకి చెప్పు, ఈసారి మడిచి పడెయ్యకు. ఒక్కసారి వచ్చి నిన్ను అడిగి ఉంటే సరిపోయేది. రానూ పోనూ ఆరు గంటల బస్సు ప్రయాణం, నేను రాలేదు. తప్పు నాది నీలా.

జూన్‌లో మళ్ళీ సంచులు పెట్టనిస్తావా?

బేబి


గెడ్డగుడ
జనవరి 20

బేబీ,

నకలు బావకి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు. పడిన చెట్టు మొద్దు చుట్టూ ముళ్ళకంప కట్టాడు, పక్కనుంచి చిగురొస్తే పశువులు తినకుండా.

నీ మీద కోపం పోయిందని రాయలేను. సగం పోయింది. ఆ మొద్దు పక్కనుంచి రోజూ నడవాలి కదా, మిగతా సగం పోవడానికి టైము పడుతుంది. నా మీద నాకున్న కోపం కూడా అంతే ఉంది.

ఆ వాక్యం సంగతి అత్తకి చెప్పాను. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. చెట్టు తనవల్ల పడలేదని నువ్వు రాసినచోట మళ్ళీ చదవమంది. రెండుసార్లు చదివాను.

జూన్‌లో సంచులు పెట్టుకో. నలభై తెచ్చుకో, మా బావ గట్టు మీద నిలబడి లెక్కపెడతాడు. ఈసారి ముందే అత్తని కూర్చోబెట్టి చెప్పాను. సంచులు తేలికైపోవాలి, ఎవరూ నింపకూడదు, ఆ గుంటకి తక్కువే కావాలి అన్నాను. అంతా విని సరే అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి ఒక మాట అడిగింది. దానికి పార్సిలులో పంపే జవాబు చాలదు, నువ్వే బస్సెక్కి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పాలి.

"నింపి ఇత్తేనే మనల్ని దొంగలనుకున్నాది. తక్కువిత్తే ఏటనుకుంటాదే?"

నీ
నీలా